కుంటితే... బేరం రద్దు!

సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. న్యూయార్క్‌లోని ఆక్విడక్ట్ మైదానంలో మాత్రం గుర్రాన్ని ముట్టుకోకుండానే కొనాలి. కొన్న రెండు నిమిషాలకే అది కాలు విరిగి పడిపోయినా డబ్బు పూర్తిగా కట్టాల్సిందే. ఏళ్ల తరబడి సాగిన ఆ పద్ధతిని మార్చింది ఒక చలికాలం.

మన్‌హటన్‌లో ‘ఎ’ రైలెక్కితే చాలాసేపు చీకటే. బ్రూక్లిన్ మొత్తం సొరంగంలోనే గడిచిపోతుంది. క్వీన్స్‌లోకి వచ్చాక రైలు ఒక్కసారిగా వెలుగులోకి వస్తుంది. రెండు వైపులా ఇరుకిరుకు ఇళ్లు, వాటి మధ్య చిన్నచిన్న పెరళ్లు. తలమీద చెయ్యెత్తితే తగులుతాయేమో అన్నట్టు కిందికి దిగుతున్న విమానాలు. పక్కనే కెన్నెడీ విమానాశ్రయం మరి! అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడటానికి వెళ్లి, పెద్ద పెద్ద సూట్‌కేసులతో తిరిగొచ్చే మన తల్లిదండ్రులు ఈ రైల్లోనూ కనిపిస్తుంటారు. వాళ్లు దిగేది హోవర్డ్ బీచ్ స్టేషన్లో. దానికి రెండు స్టాపుల ముందు వచ్చే స్టేషన్ పేరు... ఆక్విడక్ట్ రేస్‌ట్రాక్.

ఒకప్పుడు బ్రూక్లిన్‌కు తాగునీళ్లు తీసుకెళ్లిన కాలువ ఈ పక్కనుంచే పోయేది. ఆ కాలువ పేరే మైదానానికి వచ్చింది. 1894లో ఇక్కడ పందేలు మొదలయ్యాయి. 1959లో పాత కట్టడాలు తీసేసి కొత్తవి కట్టారు. ‘బిగ్ ఎ’ అని ముద్దుపేరు. అమెరికా గుర్రపు పందేల్లో ఆల్‌టైమ్ హీరో అనదగ్గ సెక్రటేరియట్ 1973 నవంబరులో అభిమానుల దగ్గర వీడ్కోలు తీసుకున్నది ఇక్కడే. 1995 అక్టోబరులో పోప్ రెండో జాన్ పాల్ వచ్చి వేలాదిమందితో ప్రార్థన చేయించిందీ ఈ మైదానంలోనే.

అవన్నీ పండగ రోజుల సంగతులు. ఆక్విడక్ట్ అసలు స్వరూపం జనవరిలో తెలిసేది. ఎండాకాలంలో పెద్ద ఇళ్ల గుర్రాలన్నీ ఉత్తరాన ఉన్న సరటోగాకు వెళ్తాయి. సూటూబూటూ, టోపీలూ, ఫొటోలూ అన్నీ అక్కడే. చలి ముదిరాక, ఎముకలు కొరికే గాలిలో, సగం ఖాళీగా ఉన్న స్టాండ్ల ముందు ఆక్విడక్ట్‌లో పరిగెత్తేవి మధ్యతరగతి గుర్రాలు. కొన్నిటి గతి అంతకన్నా కిందే. ఆ గుర్రాల కోసమే పుట్టిన ఆట... క్లెయిమింగ్ రేసు.

చీటీ వేస్తే గుర్రం మీదే

మన మలక్‌పేటలో ఏ గుర్రాన్ని ఏ పందెంలో దించాలన్నది దాని రేటింగ్‌ని బట్టి తేలుతుంది. గట్టి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ. అమెరికాలో జరిగే పందేల్లో సగానికి దగ్గరగా ఉండే క్లెయిమింగ్ రేసుల్లో లెక్క వేరు. అక్కడ తూకం వేసేది డబ్బు.

‘ఈ పందెంలో పరిగెత్తే ప్రతి గుర్రం వెల పదివేల డాలర్లు’ అని ముందే ప్రకటిస్తారు. అంటే, ఆ పందెంలో దించిన ప్రతి గుర్రాన్నీ యజమాని పదివేలకు అమ్మకానికి పెట్టినట్టే. లైసెన్సున్న యజమాని ఎవరైనా, తన ఖాతాలో అంత సొమ్ము జమ ఉంటే కొనుక్కోవచ్చు. యాభైవేలు విలువ చేసే గుర్రాన్ని తేలిగ్గా గెలిపిద్దామని పదివేల పందెంలోకి దించారనుకోండి... పందెం గెలుస్తారేమో గానీ గుర్రం చేజారుతుంది. అందుకే ఎవరి గుర్రం స్థాయి ఏమిటో వాళ్లే నిజాయతీగా ఒప్పుకోవాల్సి వస్తుంది. పోలీసు అక్కర్లేని కట్టడి! ఎవరికి తట్టిందోగానీ గట్టి బుర్రే.

కొనే తీరు ఇంకా చిత్రం. పందెం మొదలవడానికి పది పదిహేను నిమిషాల ముందే ఒక చీటీ మీద గుర్రం పేరు, తన పేరు, ధర రాసి, తాళం వేసిన పెట్టెలో వెయ్యాలి. గుర్రం పేరులో స్పెల్లింగ్ తప్పు పోయినా చీటీ చిత్తుకాగితం కింద లెక్క. ఎవరు దేనికి చీటీ వేశారన్నది ముందుగా బయటికి పొక్కదు. ఒకే గుర్రం కోసం నలుగురు చీటీలు వేస్తే అంకెలున్న గోళీలు గిలక్కొట్టి లాటరీ తీస్తారు. అదృష్టవంతుడి మనిషి పందెం అయిపోగానే పరుగున వెళ్లి గుర్రానికి గుర్తుగా ఓ ట్యాగు తగిలించి తన కొట్టంవైపు నడిపించుకుపోతాడు. గెలిస్తే వచ్చిన బహుమతి పాత యజమానికి. గుర్రం కొత్త యజమానికి.

మరి కొనేముందు గుర్రాన్ని చూసుకోవద్దా? చూడొచ్చు... దూరం నుంచి. జీను వేసే చోట కంచె ఇవతల నిలబడి, నడక ఎలా ఉంది, మోకాళ్లు వాచాయా, కాళ్లకు కట్లేమైనా ఉన్నాయా అని కళ్లతో కొలవాలి. ముట్టుకోకూడదు. కాలెత్తి గిట్ట చూడకూడదు. పెబ్బేరు సంతలో అయితే సుడులు చూసి, పళ్లు చూసి, తోక మెలిపెట్టి, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గంటసేపు బేరమాడేవాళ్లకి ఈ కొనుగోలు పిచ్చిపనిలా అనిపించడంలో వింతేం లేదు.

అయినా ఎందుకు కొంటారంటే... ఆశ! 1943లో హిర్ష్ జేకబ్స్ అనే ట్రైనర్ న్యూయార్క్‌లోనే, బెల్మాంట్ పార్క్‌లో, 1,500 డాలర్లకు స్టైమీ అనే రెండేళ్ల గుర్రాన్ని ఇలాగే చీటీ వేసి కొన్నారు. అది 131 సార్లు పరిగెత్తి 9,18,485 డాలర్లు సంపాదించింది. ఒక దశలో ప్రపంచంలో అంత సొమ్ము గెలిచిన గుర్రమే లేదు. మొన్నమొన్న 2021లో 30 వేల డాలర్లకు చీటీలో చేతులు మారిన రిచ్ స్ట్రైక్, మరుసటేడు కెంటకీ డెర్బీ గెలిచి అందరినీ నోరెళ్లబెట్టించింది. దాని మీద డాలరు కాస్తే ఎనభై వచ్చే లెక్క ఆరోజు! ఇలాంటి కథ ఒక్కటి వింటే చాలు, వందమంది జేబులు తడుముకుంటారు.

చచ్చినా నీదే

ఈ ఆటలో ఒక పాత నియమం ఉండేది. గేటు తెరుచుకుని గుర్రం బయటికి దూకిన క్షణం నుంచి అది కొన్నవాడిదే. పరిగెత్తుతూ కుంటినా, కూలబడినా, చనిపోయినా... ఆ నష్టమంతా కొన్నవాడి నెత్తినే. పది పదిహేను నిమిషాల కిందట వేసిన చీటీని వెనక్కి తీసుకునే దారి లేదు. పాపం, కళేబరానికి డబ్బు కట్టి ఇంటికెళ్లినవాళ్లున్నారు.

కొనేవాడి పొరపాటు, ఖర్మ అని సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కు అమ్మేవాడి దగ్గరుంది. తన గుర్రం కాలిలో ఏదో నలత ఉందని ట్రైనర్‌కు తెలుసు. పొద్దున్నే కొట్టంలోంచి బయటికి తెస్తే మొదటి పది అడుగులు బిగుసుకుపోయి వేస్తోంది. నయం చేయించాలంటే నెలల తరబడి విశ్రాంతి, మేత ఖర్చు, వైద్యుడి ఖర్చు. అదే, ధర తగ్గించి కింది తరగతి పందెంలో దించితే? గెలిస్తే బహుమతి. ఎవడో ఒకడు చీటీ వేస్తే గుర్రం వదిలిపోతుంది, వెల చేతికొస్తుంది. పందెంలో కాలు విరిగినా... చీటీ పడి ఉంటే తన డబ్బు తనకు భద్రం. ట్రైనర్లందరూ ఇలాంటివాళ్లేనని కాదు. నలిగిన కాలుతో ఉన్న గుర్రాన్ని పరిగెత్తించడానికి నియమమే ఊతమిస్తుంటే, అలాంటివాళ్లు కొందరున్నా చాలు.

ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. కాలు విరిగితే కట్టు కట్టి పడుకోబెట్టొచ్చు కదా, ఎందుకు చంపేస్తారు అని. గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. అది మనిషిలా నెలల తరబడి మంచాన పడి ఉండలేదు. విరిగిన కాలు ఎత్తి పెట్టుకుంటే మిగతా కాళ్ల మీద భారం పడి వాటి గిట్టలు లోపల వాచి, ఊడిపోయే స్థితి వస్తుంది. ఎముక ముక్కలు ముక్కలైతే చాలాసార్లు సూది మందుతో బాధ తీర్చడమొక్కటే మిగులుతుంది. ఇంకో సంగతి... కాలు ‘హఠాత్తుగా’ విరగడం చాలా అరుదు. అంతకుముందే ఎముకలో సన్నటి నెర్రెలు వచ్చి ఉంటాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నొప్పి ఉంటే గుర్రం తనంతట తనే వేగం తగ్గిస్తుంది. కీలులోకి మందు ఎక్కించి ఆ నొప్పి తెలియకుండా చేస్తేనే ప్రమాదం.

ఆ చలికాలం

2011 అక్టోబరులో ఆక్విడక్ట్ స్టాండ్లను ఆనుకునే పెద్ద కాసినో తెరుచుకుంది. దాని రాబడిలో కొంత వాటా పందేల బహుమతులకు వెళ్లే ఏర్పాటు. ఇంకేం... బహుమతులు అమాంతం పెరిగాయి. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అట్టడుగు తరగతి పందేల్లో బహుమతి మొత్తం గుర్రం వెలకు మూడు నాలుగు రెట్లయింది. గుర్రం తక్కువ, గెలుపు ఎక్కువ! అలాంటప్పుడు ఆ గుర్రానికి నెలరోజుల విశ్రాంతి ఇవ్వాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

2011 నవంబరు 30 నుంచి 2012 మార్చి 18 వరకు, నాలుగు నెలలైనా నిండకుండానే, చలికాలం పందేల కోసం వేసిన లోపలి ట్రాక్‌లో 21 గుర్రాలు చనిపోయాయి. అదే మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దేశవ్యాప్త పరిశోధన ఒకటి ప్రచురించింది. అమెరికా మైదానాల్లో సగటున వారానికి 24 గుర్రాలు చనిపోతున్నాయన్నది దాని సారాంశం. గుర్రాలతో పాటు జాకీలూ పడతారు, వెన్నెముకలు విరుగుతాయి. అప్పటి గవర్నర్ ఆండ్రూ కోమో విచారణ బృందాన్ని వేయించారు. ముగ్గురు పందేల రంగం తెలిసినవాళ్లతో పాటు ఒకప్పటి మేటి జాకీ జెర్రీ బెయిలీ కూడా అందులో ఉన్నారు. సెప్టెంబరులో వచ్చిన నివేదిక చెప్పిన మాట చేదుగానే ఉంది. జాగ్రత్తపడి ఉంటే చనిపోయినవాటిలో సగం దాకా బతికేవేమో అని.

నివేదిక వచ్చేదాకా కూడా ఆగలేదు. ఆ వసంతంలోనే న్యూయార్క్ రాష్ట్రం రెండు పనులు చేసింది. ఒకటి, బహుమతి మొత్తం గుర్రం వెలకు రెండింతలు మించకూడదు. రెండోది, పాత నియమం మెడ విరిచేసింది. పందెంలో గుర్రం చనిపోతే, లేదా మైదానంలోనే దానికి సూది మందుతో ప్రాణం తియ్యాల్సివస్తే చీటీ చెల్లదు. గుర్రాల అంబులెన్సులో ఎక్కించి తీసుకెళ్లాల్సివస్తే, కొన్నవాడికి గంట వ్యవధి ఉంటుంది. కావాలంటే ఉంచుకోవచ్చు, వద్దంటే బేరం రద్దు. డబ్బు వెనక్కి, గుర్రం పాత యజమానికి.

చూడ్డానికి చిన్న మార్పు. కానీ లెక్క మొత్తం తిరగబడింది. నలిగిన గుర్రాన్ని దించితే నష్టపోయేది ఇప్పుడు కొన్నవాడు కాదు, దించినవాడు.

పరీక్షశాలలో ఒక గంట

సందు మాత్రం మిగిలే ఉంది. అంబులెన్సు ఎక్కని గుర్రం సంగతేమిటి? పందెం పూర్తిచేసి, కుంటుకుంటూ అయినా తన కాళ్లమీద తను నడిచి వచ్చిన గుర్రానికి న్యూయార్క్ నియమం వర్తించలేదు. దేశం పడమటి కొసన ఉన్న కాలిఫోర్నియా ఈ సందు మూసింది. కొన్నవాడి ఇష్టాయిష్టాలతో పని లేదు, గుర్రం కుంటుతోందని అధికార వైద్యుడు తేలిస్తే బేరం దానంతటదే రద్దవుతుందని రాసుకుంది.

అదే కాలిఫోర్నియాలోని శాంటా అనితా మైదానంలో 2018 డిసెంబరు చివరినుంచి 2019 జూన్ దాకా 30 గుర్రాలు చనిపోయాయి. గేట్ల దగ్గర నిరసనలు, టీవీల్లో చర్చలు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి అయితే లాభం లేదని, 2020 డిసెంబరులో జాతీయ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన సంస్థ పేరు పొడుగ్గా హార్స్‌రేసింగ్ ఇంటెగ్రిటీ అండ్ సేఫ్టీ అథారిటీ. అందరూ పిలిచేది ‘హిసా’ అని. దాని భద్రతా నియమాలు 2022 జులై 1న అమల్లోకి వచ్చాయి. కాలిఫోర్నియా పద్ధతికి అందులో చోటు దొరికింది.

ఆ నియమం ప్రకారం చీటీలో కొన్న ప్రతి గుర్రమూ పందెం అయ్యాక నేరుగా కొత్త కొట్టానికి వెళ్లదు. ముందు పరీక్షశాలకు వెళ్లాలి. అక్కడ జీను తీసేసి, నీళ్లుపోసి, చెమట ఆరేదాకా గుండ్రంగా నడిపిస్తారు. ఈ నడక చాలా ముఖ్యం. వేడిమీద ఉన్నప్పుడు గుర్రానికి నొప్పి తెలియదు. గెలిచిన ఊపులో గంతులేస్తూ వచ్చిన గుర్రమే, ఒళ్లు చల్లబడేకొద్దీ ఒక కాలు నేలకు ఆనించడానికి వెనకాడుతుంది. నడిచేటప్పుడు తల పైకి ఎగరేస్తుంటే ముందుకాలిలో నొప్పి ఉన్నట్టు. ఆ తల ఊపును అధికార పశువైద్యుడు గమనిస్తుంటాడు.

పందెం అయిన గంటలోపు ఆయన నోట ‘కుంటుతోంది’ అనో, ముక్కువెంట రక్తం వచ్చిందనో, ఒంట్లో బాగాలేదనో వస్తే ఆ గుర్రం పేరు వైద్యుల జాబితాకెక్కుతుంది. బేరం రద్దు. తర్వాత జరిపే పరీక్షలో నిషేధిత మందు బయటపడినా రద్దే. పేరు జాబితాలో ఉన్నంతకాలం, మళ్లీ ఆరోగ్యంగా ఉందని వైద్యులు ఒప్పుకునేదాకా ఆ గుర్రం ఏ పందెంలోనూ దిగకూడదు. పాత యజమానికి గుర్రం తిరిగొస్తుంది గానీ సంపాదన ఆగిపోతుంది.

కొన్నవాడికీ ఒక దారి వదిలారు. ‘ఎలా ఉన్నా సరే, నాకే కావాలి’ అని పందేనికి ముందే రాసిస్తే కుంటినా గుర్రం అతనిదే. మంచి జాతి ఆడగుర్రం అయితే, పరుగు పోయినా పిల్లల్ని కంటుంది కదా అన్న లెక్క. ఇంకో వెసులుబాటు పాత యజమాని వైపు ఉంది. నాలుగు నెలలు ఆ పైన విశ్రాంతి ఇచ్చి తెచ్చిన గుర్రాన్ని మొదటి పందెంలో ‘అమ్మకానికి కాదు’ అని దించుకోవచ్చు. ఇన్నాళ్లూ విశ్రాంతి ఇవ్వడమంటే గుర్రాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్న భయం. ఆ భయం లేకపోతే గాయం మానేదాకా ఆగుతారని ఆలోచన. నియమం రాసినవాళ్లలో గుర్రపుశాల వాసన తెలిసినవాళ్లున్నారని ఇక్కడ అర్థమవుతుంది.

గుర్రంతో పాటు దాని వైద్యం చిట్టా కూడా కొత్త ట్రైనర్‌కు అందించాలన్న నియమమూ వచ్చింది. లేకపోతే పాతాయన ఇచ్చిన సూది సంగతి తెలియక, కొత్తాయన అదే కీలులో మళ్లీ అదే మందు ఎక్కించేవాడు.

ట్రైనర్లలో గొణుగుడు లేకపోలేదు. కొత్త చోట, అరిచే జనం మధ్య, పరిగెత్తి వచ్చిన గుర్రం రెండడుగులు అటూఇటూ వేస్తే దాన్ని కుంటిదంటారా అని ఒకరి వాదన. గంట సరిపోదు, అసలు వాపు మర్నాడు పొద్దునకదా తెలిసేది అని ఇంకొకరిది. రెండింటిలోనూ నిజం ఉంది. రెండోదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. గంట దాటాక బయటపడే నొప్పికి ఈ నియమంలో మందు లేదు.

అమెరికా గుర్రాల గాయాల లెక్కలు 2009 నుంచి ఒకచోట రాస్తున్నారు. ఆ ఏడు ప్రతి వెయ్యి పరుగులకు రెండు గుర్రాలు చనిపోయాయి. 2022 నాటికి అది 1.25కు తగ్గింది. ట్రాక్‌ల బాగోగులు, మందుల కట్టడి, పందేనికి ముందు పరీక్షలు... అన్నీ కలిస్తేనే ఈ తగ్గుదల. చీటీ రద్దు నియమం ఒక్కదానికే ఆ పేరు కట్టబెడితే అతి అవుతుంది. అయితే మిగతావి ట్రైనర్‌కు ‘ఇది చెయ్యొద్దు’ అని చెబుతాయి. ఇది మాత్రం నేరుగా అతని జేబుతో మాట్లాడుతుంది.

ఆక్విడక్ట్‌కు కూడా రోజులు దగ్గరపడ్డాయి. ఇరవై ఒక్క గుర్రాలు పోయిన లోపలి మట్టి ట్రాక్‌ను 2017లోనే తీసేసి గడ్డి వేశారు. ఊరి అంచున ఉన్న బెల్మాంట్ పార్క్‌ను తిరిగి కట్టడానికి 2023లో రాష్ట్రం 45.5 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ పని అయ్యాక పందేలన్నీ అక్కడికే తరలించి, ఆక్విడక్ట్ స్థలాన్ని ప్రభుత్వానికి వదిలెయ్యాలన్నది అప్పటి నిర్ణయం. కాసినో మాత్రం ఉంటుందిట!

పందేలు ఏ మైదానంలో జరిగినా పరీక్షశాల అక్కడ ఉండాల్సిందే. చెమట ఆరిన గుర్రాన్ని తాడు పట్టుకుని కుర్రాడు మరో చుట్టు తిప్పుతాడు. గడప దగ్గర కొత్త యజమాని మనిషి ఖాళీ తలతాడు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. వైద్యుడు తల అడ్డంగా ఊపితే, అతను ఆ తాడు చుట్టుకుని వచ్చినదారినే వెళ్లిపోతాడు. గుర్రం పొద్దున బయల్దేరిన కొట్టానికే, అదే గడ్డి పరుపు మీదికి, మెల్లగా నడుచుకుంటూ చేరుతుంది.